ఏడో బ్లాకు కాలని రోజు

ఆ తేమ మీటరుని ఎవడు తెచ్చి ఆఫీసు ముందు పచ్చిక నడిమధ్యలో పాతాడో గానీ, వాడు కనిపిస్తే అదే పచ్చికలో కూర్చోబెట్టి, నెత్తిమీద పైపు పెట్టి నీళ్ళు వదిలి, "ఇప్పుడు చెప్పు నాయనా, లోకమంతా వానేనా?" అని అడుగుదును. నాలుగేళ్ళుగా నాకు ఇదే కోరిక.

నా పని అడవిని కాల్చడం. వెటకారం కాదు, నిజం. అటవీశాఖలో ముప్ఫై రెండేళ్ళ సర్వీసు నాది. మొదటి ఇరవై ఏళ్ళూ మంటలు ఆర్పాను. ఆ తరవాత శాఖకి జ్ఞానోదయమైంది. చలికాలం చివర చిన్న మంట పెట్టి నేలమీది ఆకూ అలమూ కాల్చేస్తే ఎండాకాలంలో పెద్ద మంటకి తినడానికేమీ మిగలదని తెలిసొచ్చింది. తెలిసొచ్చాక ఆర్పేవాణ్ణి కాస్తా కాల్చేవాణ్ణి చేసి, పన్నెండుమంది ముఠాకి మేస్త్రీ అన్నారు. మనుషులున్నారు, మూతిలోంచి నిప్పుచుక్కలు కార్చే టార్చి డబ్బాలు ఆరు ఉన్నాయి, నీళ్ళ ట్యాంకరు ఉంది. లేనిదల్లా అనుమతి.

అనుమతికి ఒక ఫారం. అందులో గాలి ఎటు, ఎంత, తేమ ఎంత శాతం, అన్నీ నింపాలి. తేమ ముప్ఫైకీ అరవైకీ మధ్య ఉండాలి. తగ్గితే మంట చెయ్యి దాటిపోతుంది, ఎక్కువైతే పాకదు. మంచి రూలే, నాకేం పేచీ లేదు. కాకపోతే ఆ అంకె పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసు మీటరు చూపించిందే అయ్యుండాలి. మీటరేమో పచ్చికలో ఉంది. ఆ పచ్చికకి ఏడింటి నుంచి తొమ్మిదిన్నర దాకా తోటమాలి తాత నీళ్ళు పడతాడు. ఇంక అది అరవై ఏం చూపిస్తుంది, నా మొహం! డెబ్భై, డెబ్భై రెండు, ఒకరోజైతే డెబ్భై తొమ్మిది. అవతల అడవిలో అడుగేస్తే ఆకు పటపటమంటుంటుంది. ఆఫీసు లెక్కలో మాత్రం మేమంతా చెరువులో కాపురం ఉంటున్నాం.

నా బాధంతా ఏడో బ్లాకు గురించి. అదొక వాలు. కింద వాగు, పైన గట్టు, గట్టు మీద ఎనిమిది ఇళ్ళు. వాటిలో మొదటిది, సరిగ్గా వాలు అంచున ఉన్నది, మా అక్కది. పదకొండేళ్ళుగా ఆ వాలు మీద నిప్పు పడలేదు. పైన్ చెట్ల కింద రాలిన సూదాకు పిక్కల దాకా పేరుకుపోయింది, మధ్యమధ్య ఎండిన పొదలు. చెట్లకి చిన్న మంటంటే లెక్కలేదు, వాటి బెరడు రెండు వేళ్ళ మందం. పైగా కొన్ని కాయలు ఆ వేడి తగిలితేగానీ విచ్చుకోవు. కానీ ఆ పేరుకున్న ఆకుకి ఎండాకాలంలో అంటుకుంటే అది చిన్న మంట కాదు. మంట ఎప్పుడూ పైకే పరిగెడుతుంది. వాగు దగ్గర ఎవడో బుద్ధిలేనివాడు సిగరెట్టు ముక్క పారేశాడంటే పది నిమిషాల్లో మా అక్క వంటింటి కిటికీ దగ్గరుంటుంది. గట్టు దిగడానికి ఒకటే దారి, అదీ ఆ వాలు పక్కనుంచే.

అక్కకి అరవై మూడు. మోకాళ్ళు సహకరించవు. బావ పోయాక ఒక్కతే ఉంటూ గట్టు మీదవాళ్ళకి బట్టలు కుడుతుంది. "కిందికొచ్చి మా ఇంట్లో ఉండొచ్చుగా అక్కా" అని ఏటా అడుగుతాను. "మీ ఇంట్లో మూడు గదులు, ఐదు నోళ్ళు. నాకెందుకొచ్చిన గొడవరా" అని ఏటా అంటుంది. మొండిఘటం.

ఈ ఏడు నాకు మిగిలింది ఐదు రోజులు. శనివారం నుంచి వేడిగాలి తిరుగుతుందన్నారు. అది తిరిగాక నిప్పు ముట్టుకోవడమంటే కొంప ముంచుకోవడమే. సోమవారం పొద్దున్నే రేంజరు గారి గదిలోకి వెళ్ళాను.

మా రేంజరు కుర్రాడు, ముప్ఫై రెండో ముప్ఫై మూడో. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, నన్ను కూర్చోమంటేగానీ మాట్లాడడు. నాకదే తలనొప్పి. చెడ్డవాడైతే నోరారా తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

"సార్, ఏడో బ్లాకులో తేమ నలభై రెండుంది. తెల్లారగానే వెళ్ళి చూసొచ్చాను."

"దేంతో చూశారు మేస్త్రీగారూ?"

సంచిలోంచి తీసి బల్లమీద పెట్టాను. ఒకే పిడికి రెండు థర్మామీటర్లు, ఒకదానికి తడిగుడ్డ. గిరగిరా తిప్పి, రెండిట్లో తేడా చూసి లెక్క కట్టాలి. అబద్ధం చెప్పడం రాని వస్తువు.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నీళ్ళు నమిలాడు. "బాగానే ఉంది. కానీ ఫారంలో దీనికి కాలమ్ లేదండీ."

"అయితే ఆ మీటరుని పచ్చికలోంచి పది గజాలు జరపండి."

"అది పై ఆఫీసువాళ్ళు పెట్టింది. జరపాలంటే వాళ్ళ అనుమతి కావాలి. రాశాను."

"ఎప్పుడు రాశారు?"

"రెండేళ్ళయింది."

"పోనీ నీళ్ళు ఆపించండి సార్!"

ఆయన గోడ వైపు చూశాడు. గోడకి చట్రం కట్టిన ప్రశంసాపత్రం ఉంది, పచ్చని కార్యాలయానికి ప్రథమ బహుమతి అని. పచ్చిక ఎండితే పైనుంచి తాఖీదు వస్తుందట. అడవి కాలిపోయినా రాదేమో గానీ గడ్డి ఎండితే వస్తుందట! నాకు ఒళ్ళు మండిపోయింది. థర్మామీటర్లు సంచిలో పడేసుకుని లేచాను.

"మేస్త్రీగారూ, కోపం తెచ్చుకోకండి. పక్క రేంజిలో ఒకాయన ఇలాగే మీటరు కాదని నిప్పు పెట్టిస్తే అది చెయ్యి దాటింది. ఆయన ఉద్యోగం పోయింది. నాకిద్దరు చిన్నపిల్లలు."

బయటికొచ్చేశాను. తలుపు మాత్రం కాస్త గట్టిగా వేశాను.

మంగళవారం సాయంత్రం తోటమాలి తాతని పట్టుకున్నాను. డెబ్భై ఏళ్ళ మనిషి, చెవి కాస్త మందం, మనసు వెన్న. నా బాధంతా చెప్పాను. గట్టు మీద ఇళ్ళ సంగతి, అక్క సంగతి, మీటరు సంగతి. శ్రద్ధగా విని, నా భుజం తట్టి, "అయ్యో, దానికేం నాయనా! రేపు పచ్చికకి చుక్క నీళ్ళు పట్టను. ఎవరేమన్నా నాకు కాళ్ళ నొప్పులని చెప్తాను" అన్నాడు. ఆ పెద్దాయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

బుధవారం తొమ్మిదింటికి ఆఫీసుకెళ్ళాను. పచ్చిక పొడిగా ఉంది. మాటంటే మాటే! మీటరు దగ్గరికెళ్ళి అంకె చూశాను. ఎనభై నాలుగు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. ఎనభై నాలుగే. మీటరు పెట్టె అంచుల్నుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. తాత చేతిలో గుడ్డతో, మొహం నిండా నవ్వుతో వచ్చాడు.

"నువ్వు రోజూ దీని ముందు నిలబడి తిట్టుకుంటున్నావుగా నాయనా. ఏమైందా అని మూత తీసి చూద్దును కదా, లోపలంతా బూజు! పచ్చికకి ఎలాగూ పట్టట్లేదని శుభ్రంగా పైపు పెట్టి కడిగేశాను. ఇంక చూడు, ఎంత బాగా పనిచేస్తుందో!"

నెత్తి మీద చేతులు పెట్టుకుని ఆ పొడి పచ్చికలోనే కూలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తాతని ఏమని తిట్టను? నాకోసం కడిగాడు. గురువారం మరీ ఘోరం. నిన్న పట్టలేదు గదా అని రెండింతలు పట్టాడు, పైగా నాకు కనపడి "నీ పని అయిపోయిందిగా నాయనా?" అని అడిగాడు. మీటరు డెబ్భై ఎనిమిది.

గురువారం పొద్దుగూకేముందు అక్క దగ్గరికెళ్ళాను. గుమ్మం పక్క మిషను ముందు కూర్చుని ఎవరిదో లంగాకి అంచు కుడుతోంది. నేను అరుగు మీద కూలబడి మొదలెట్టాను. మీటరు, తాత, రేంజరు, ప్రశంసాపత్రం, ఎవర్నీ వదల్లేదు. అక్క మిషను ఆపకుండా విన్నది.

"అయితే రేపే ఆఖరా?" అంది.

"రేపే. ఎల్లుండి గాలి తిరుగుతుంది."

"రేపు గాలి ఎటు?"

"కిందనుంచి పైకి, నెమ్మదిగా. పదింటికి మొదలై సాయంత్రం దాకా ఉంటుంది. ఇంతకన్నా మంచి రోజు పుట్టించినా పుట్టదు. గట్టు అంచు నుంచి అంటిస్తే గాలికి ఎదురు, వాలుకి ఎదురు, మంట చచ్చీ చెడీ ఒక్కో అడుగే దిగుతుంది. మూడింటికల్లా వాగులో కాళ్ళు కడుక్కుంటుంది. నేను మాత్రం ఆఫీసులో మీటరు మొహం చూస్తూ కూర్చుంటాను."

అక్క లేచి వాలు అంచుకెళ్ళి, ఎండిన సూదాకు ఒకటి తీసి రెండు చివర్లూ పట్టుకుని వంచింది. విల్లులా వంగి, సగానికొచ్చేసరికి టక్కున విరిగింది. పట్టుకోగానే విరిగితే మరీ ఎండినట్టు, ఎంత వంచినా విరక్కపోతే తడి. ఇలా వంగి విరిగితే సరిగ్గా ఉన్నట్టు. ఆ పద్ధతి నాన్నది.

నాన్న సంగతి నేను ఎవరికీ చెప్పను. ఆయన ఇదే శాఖలో ఇరవై ఎనిమిదేళ్ళు వాచరు. ఏటా చలికాలం చివర ఇదే వాలు మీద, ఇలాగే ఆకు వంచి చూసి, అక్కని వెంటబెట్టుకుని చిన్న మంట పెట్టేవాడు. అప్పట్లో శాఖలో నిప్పంటే నేరం. పాత ఆఫీసర్లు చూసీ చూడనట్టు పోయేవాళ్ళు. కొత్తగా వచ్చినాయన కేసు రాశాడు. నేను ఉద్యోగంలో చేరి మూడు నెలలు. సిబ్బందిలో ఒకరి సాక్ష్యం కావాలన్నారు. సాక్ష్యం చెప్పకపోతే నా ఉద్యోగమూ ఉండదన్నారు. "నిప్పు పెట్టినవారు" అన్న చోట నాన్న పేరు నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టాను. ఆయన ఉద్యోగం పోయింది, క్వార్టరు ఖాళీ చేయించారు. బావ ఈ గట్టు మీద శాఖవాళ్ళ పాత ఇల్లు లీజుకి తీసుకుని నాన్నని తెచ్చుకున్నాడు. నాన్న ఇక్కడే పోయాడు. "ఉన్నదే రాశావు, తప్పేముంది" అన్నాడు నాతో, ఒకే ఒక్కసారి. అక్క ఆ ఒక్కసారీ అనలేదు. ఇన్నేళ్ళలో ఆ ఊసే ఎత్తలేదు.

"ఇంటికెళ్ళు. పొద్దుపోతోంది" అంది అక్క, విరిగిన ఆకు పారేస్తూ.

శుక్రవారం తొమ్మిదింటికి మీటరు డెబ్భై ఒకటి. రేంజరు గారు రిజిస్టరులో ఎక్కించి, పై ఆఫీసుకి పంపేసి, నా వైపు చూడకుండా "సారీ మేస్త్రీగారూ" అన్నాడు. పదకొండు దాకా ఆయన గుమ్మంలోనే నిలబడి బతిమాలాను. బల్ల గుద్దాను కూడా. ఆయన మంచినీళ్ళిప్పించాడు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటూ కిటికీలోంచి చూశాను. గట్టు మీద పొగ.

గ్లాసు ఎక్కడ పడిందో తెలీదు. జీపులో నేనూ రేంజరూ, వెనక ట్యాంకరులో నా ముఠా. అక్క మోకాళ్ళే కళ్ళముందు కనపడుతున్నాయి. అరుగు దిగడానికే గోడ పట్టుకునే మనిషి, ఎటు పరిగెడుతుంది? ఈ ఐదు రోజుల్లో నేనేం చేశాను? మీటరుని తిట్టాను. అంతేగా!

గట్టు ఎక్కి చూస్తే అక్క ఇల్లు అక్కడే ఉంది, చెక్కుచెదరకుండా. ఇంటి ముందు నుంచి ఇరవై గజాల కిందిదాకా నేల నల్లగా, ఆ నలుపు అంచున మంట, మోకాలెత్తు కూడా లేదు. వాలుకి అడ్డంగా దారం పట్టినట్టు తిన్నగా ఉంది. రెండు పక్కలా ఆకు గీకేసి మట్టి తేల్చిన బాట. ఒక పక్క పక్కింటి అత్త, ఇంకో పక్క ఆవిడ కోడలు, తడిగోనెలు పట్టుకుని కాపలా. వాళ్ళిద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు. ఇప్పుడు "అత్తయ్యా, నీ వైపు రవ్వ!" "చూశాలేవే!" అని అరుచుకుంటున్నారు. మధ్యలో మా అక్క, చీర కొంగు నడుముకి దోపుకుని, ఒక చేత్తో ఊతకర్ర, ఇంకో చేత్తో పచ్చికొమ్మ.

"ఆర్పండి!" అన్నాడు రేంజరు. గొంతు కీచుగా వచ్చింది. "మేస్త్రీగారూ, ఆర్పించండి!"

నా పన్నెండుమందీ నా మొహం చూస్తున్నారు.

"ఆర్పితే కింద ముప్పావు వాలు మిగిలిపోతుంది సార్. రేపు వేడిగాలి. ఈ నలుపులో ఒక్క రవ్వ లేచి కింద పడిందంటే, దారి మూసుకుపోయి ఎనిమిది ఇళ్ళ మనుషులూ గట్టు మీదే చిక్కుకుంటారు. దీన్ని వాగు దాకా దిగనివ్వాలి. ఇదే పని మీరు సంతకం పెట్టినా నేను ఇంతకన్నా బాగా చెయ్యలేను."

ఆయన మంటని చూశాడు. ఇళ్ళని చూశాడు. రుమాలు తీసి మొహం తుడుచుకుని, ఒక రాయి మీద కూర్చున్నాడు. అదే అనుమతి అనుకుని మావాళ్ళని రెండు పక్కలా సర్దాను. అక్క నన్ను దాటి వెళ్తూ, "ఆ మూల పొద దగ్గర ఒకడిని పెట్టు" అంది, నేనేదో ఆవిడ ముఠాలో కూలివాణ్ణయినట్టు. పెట్టాను. మూడూ పదికి మంట వాగు దగ్గరికొచ్చి ఆరిపోయింది.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. ఆఫీసుకి తిరిగొచ్చాక రేంజరు గారు సొరుగులోంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టాడు. కాగితం రంగు మారింది గానీ గళ్ళు అవే. నిప్పు పెట్టినవారు. సాక్షి. సంతకం.

"నాకూ బాధగానే ఉంది. కానీ పొగ అందరూ చూశారు. మీరు సాక్షి" అన్నాడు.

"లీజు పత్రంలో ఏముందో తెలుసుగా సార్? అడవిలో నిప్పు పెడితే ఇల్లు ఖాళీ."

"తెలుసు."

మంటనుంచి బయటపడిన ఇల్లు కాగితంతో పోతోంది, అదీ మళ్ళీ నా చేతి కాగితంతోనే. ముప్ఫై రెండేళ్ళ కింద ఇదే గదిలో ఇలాగే కూర్చున్నాను. అప్పుడు తల దించుకుని కలం అందుకున్నాను. ఈసారి ఫారం పైనుంచి చదివాను. మూడో గడి: ఆ రోజు తేమ, ఆఫీసు మీటరు ప్రకారం.

"ఇది ముందు నింపుదాం సార్. డెబ్భై ఒకటి. పొద్దున్నే పైకి పంపేశారుగా."

"అయితే?"

"అరవై దాటితే మంట పాకదని మన రూలే చెప్తోంది. నాలుగేళ్ళుగా మీరూ నాకదే చెప్తున్నారు. డెబ్భై ఒకటిలో రెండెకరాలు ఎలా కాలాయని పైవాళ్ళు అడుగుతారు. మీటరు తప్పంటారా? అయితే ఈ నాలుగేళ్ళూ తప్పు మీటరు చూసి ఏడో బ్లాకు ఎందుకు కాల్చనివ్వలేదని అడుగుతారు. మీటరు ఒప్పంటారా? అయితే ఇవాళ అక్కడ ఏమీ కాలలేదు సార్. పొగమంచు."

ఆయన గోడమీద ప్రశంసాపత్రం చూశాడు, కిటికీలోంచి పచ్చిక చూశాడు. చివరికి ఫారం వెనక్కి లాక్కుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"పొగమంచు" అన్నాడు. "వెళ్ళండి మేస్త్రీగారూ, మొహం కడుక్కోండి. మసి."

సోమవారం పచ్చిక పంపు మోటారు కాలిపోయింది. తాత లబోదిబోమన్నాడు. రెండు రోజుల్లో గడ్డి పసుపు తిరిగింది. బుధవారం మీటరు నలభై ఒకటి చూపించింది, అంకె పైకి వెళ్ళింది, సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది: ఏడో బ్లాకు కాల్చుటకు అనుమతి ఇవ్వడమైనది, పని పూర్తిచేసి నివేదిక పంపవలెను. బయట వేడిగాలి తలుపులు బాదుతోంది. గాలి గడి ఎవరూ చూసినట్టు లేదు. రేంజరు గారు నవ్వాపుకుంటూ నివేదిక ఫారం నా చేతిలో పెట్టి, "పూర్తయిందని రాసిచ్చెయ్యండి. ఎలా అని నేనడగను" అన్నాడు.

దాన్ని పట్టుకుని నేరుగా అక్క దగ్గరికెళ్ళాను. ఇద్దరం కలిసి నవ్వుకోవాలని. నిజం చెప్పాలంటే, నేను ఇల్లెలా నిలబెట్టానో చెప్పి మెప్పు పొందాలని కూడా. అంతా చెప్పాను, డెబ్భై ఒకటీ పొగమంచూ అన్నీ. అక్క నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా, మిషను మీద చెయ్యేసి ఊగిపోతూ నవ్వింది. తరవాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, మామూలుగా అడిగింది.

"ఈ తెలివి నాన్నప్పుడు ఏమైందిరా?"

చిన్నవాణ్ణి అనబోయాను. భయపడ్డాను అనబోయాను. రెండూ నిజమే. అక్క దారం ఎక్కిస్తూ కూర్చుంది. కింద వాలు నల్లగా ఉంది, వేడిగాలికి బూడిద కొంచెం కొంచెం లేస్తోంది తప్ప ఇంకేమీ లేదు.

ఏదో ఒకటి అనాలని, ఫారం చూపించి, "పని చేయించినవారు అని ఒక గడి ఉంది అక్కా. నీ పేరు రాయలేను, నా పేరు రాస్తే అబద్ధం" అన్నాను.

"నాన్న పేరు రాయి" అంది తలెత్తకుండా. "ఒకసారి రాసిన చెయ్యేగా."

అక్క బల్లమీద కాగితం పెట్టుకుని రాశాను. ఒక్కో అక్షరమూ దిద్దినట్టు, నెమ్మదిగా. అప్పుడు గబగబా గీకేశాను.